ఎండ తాగిన చెంబులు

కుళ్ళాయప్పకు మొట్టమొదటి మెమో టైపు చేసింది నేనే. "మీ సంరక్షణయందున్న తొట్టినుండి నిన్నటి దినమున రెండు చెంబుల నీరు అధికముగా ఆవిరి అయినట్లు తెలియవచ్చినది. ఇట్లు ఆవిరి కానిచ్చినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

టైపు చేసి, కార్బన్ కాగితం తీసి, ఒకసారి చదువుకుని ఫైల్లో పెట్టాను. నవ్వు రాలేదు. పదేళ్ళు సర్కారు తెలుగు టైపు కొట్టిన మనిషికి నవ్వు అంత తొందరగా రాదు. ఇంటికి పోయి అన్నం తింటున్నప్పుడు మాత్రం "ఆవిరి కానిచ్చినందుకు" అన్న మాట గుర్తొచ్చి పొరబోయింది.

అది రెండువేల మూడు, జ్యేష్ఠమాసం. మా ఆఫీసు పెనుకొండ ఊరి బయట ఉండేది. రెండు గదులు, ఒక రేకుల షెడ్డు, కంచె వేసిన మూడు ఎకరాల నేల. నేను హిందూపురం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం బస్సుకు పోయేదాన్ని. నా పేరు అక్కడ ఎవరికీ అవసరం పడలేదు. చిన్నా పెద్దా అందరికీ నేను టైపక్కనే. మా పెద్ద ఆఫీసరు గంగాధర సార్ ధర్మవరంలో ఉంటూ వారానికి రెండుసార్లు జీపులో వచ్చేవాడు. ఇక రోజూ ఉండే మూడో మనిషి కుళ్ళాయప్ప. తొంభై ఒకటిలో కూలిమనిషిగా చేరాడు. పన్నెండేళ్ళయినా కూలిమనిషే. ఎండకు నీళ్ళు తాపించి, ఎంత తాగిందో లెక్క రాయడం అతని పని.

వినడానికి పిచ్చిలాగుంటుంది గానీ అది శాస్త్రమే. కంచె లోపల చెక్క దిమ్మల మీద గుండ్రటి రేకుతొట్టి ఒకటి ఉంటుంది. నలుగురు చుట్టూ కూర్చుని భోంచేసేంత వెడల్పు, జానెడు లోతు. పిట్టలు తాగకుండా పైన ఇనుప జాలీ. అందులో నీళ్ళు ఎప్పుడూ ఒక గుర్తు దాకా ఉండాలి. పొద్దున ఎనిమిదిన్నరకు చూస్తే ఆ గుర్తుకు కిందికి దిగి ఉంటాయి. రెండు లీటర్లు పట్టే ఇత్తడి కొలచెంబుతో మళ్ళీ గుర్తుదాకా పోయాలి. ఎన్ని చెంబులు పడితే ఎండా గాలీ కలిసి నిన్న అంత తాగినట్టు. తొట్టిలోంచి ఎంత పోయిందో దాన్ని బట్టి మడిలోంచీ ఆకులోంచీ ఎంత పోతుందో లెక్క కట్టుకోవచ్చు. ఏ పైరుకు ఏ నెలలో ఎన్ని నీళ్ళు కావాలో ఆ లెక్కలోంచే వస్తుంది.

కుళ్ళాయప్ప నాలుగో తరగతి దాకా చదివాడు. కానీ ఆ చెంబు దగ్గర అతని నిష్ఠ చూస్తే పూజారులు సిగ్గుపడాలి. తడిచేత్తో పట్టుకోడు, నిండా పోశాక కంటి ఎత్తుకు పెట్టి చూస్తాడు, ఒక్క చుక్క కారినా మొదటినుంచీ మొదలుపెడతాడు. లెక్క రాశాక టీ అంగడికి పోయేవాడు. అక్కడ చెనిక్కాయ రైతులు, మల్బరీ రైతులు అతని కోసమే కూర్చుని ఉండేవాళ్ళు. ఏమప్పా, ఎండ నిన్న ఎన్ని చెంబులు తాగినాది అని అడిగేవాళ్ళు. అతను తాగుబోతు బావమరిది సంగతి చెప్పినట్టు బాధపడుతూ చెప్పేవాడు.

నేను చేరిన కొత్తలో ఆ బావమరిది కాస్త మర్యాదస్థుడే. కార్తీకంలో రెండు చెంబులు తాగి పోయేవాడు. శివరాత్రికి చలి శివశివా అని పోయాక మూడు. రోళ్ళు పగిలే రోహిణిలో నాలుగు. ఆషాఢంలో మబ్బు కమ్మి, నేల తడిసి మళ్ళీ మూడుకు దిగేవాడు. సార్ దగ్గరున్న నల్లట్ట పుస్తకంలో కూడా ఇవే అంకెలు ఉండేవి, నెలకొకటి చొప్పున, ఎప్పుడో డెబ్భైల్లో కొలిచి అచ్చు వేసినవి.

తర్వాత్తర్వాత వాడికి బుద్ధి చెడింది. కార్తీకంలోనే రెండున్నర మొదలైంది. శివరాత్రి రాకముందే నాలుగు. ఇక ఆషాఢం సంగతి చెప్పనక్కరలేదు. మబ్బు వస్తుంది, వాన రాదు, పొడిగాలి మాత్రం రాత్రీ పగలూ ఈడ్చి కొడుతుంది. వరసగా కరువులు వచ్చిన ఆ ఏళ్ళలో ఆషాఢం ఐదు చెంబులకు తగ్గలేదు. వాన పడాల్సిన నెలలోనే పైరు ఎండాకాలం కన్నా ఎక్కువ దాహంతో నిలబడుతోందని ఆ రిజిస్టరు చెబుతోంది. పై ఆఫీసుల్లో చదివేవాళ్ళు లేరు.

రెండువేల ఒకటిలో ఆఫీసు బోరు ఎండిపోయింది. నీళ్ళ లెక్క చూసే ఆఫీసులో నీళ్ళు లేకుండా పోవడం మాకు పెద్ద వింతగా తోచలేదు. మేము తాగడానికి రెండు రోజులకొకసారి ట్యాంకరు శాంక్షనైంది. తొట్టికి కాలేదు. తొట్టి మనిషి కాదు కాబట్టి దానికి తాగునీరు ఇవ్వడానికి నిబంధన లేదన్నారు. కొలత మాత్రం ఒక్కరోజు కూడా ఆగరాదన్నారు. అందుకని కుళ్ళాయప్ప భార్య సిద్ధమ్మ పొద్దున్నే పక్క పల్లెలోని తన ఇంటినుంచి ఒక బిందె నీళ్ళు నెత్తిన పెట్టుకుని మైలు దూరం నడిచి వచ్చేది. ఐదు చెంబులకు సరిగ్గా ఒక బిందె. కుళాయి దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఈ రెండో బిందె ఎవరికమ్మా అని అడిగితే, ఎండకు అని చెప్పేది. మొదట్లో వాళ్ళు ఏదో దేవర మొక్కేమో అనుకున్నారు.

సిద్ధమ్మకు అరెకరా మల్బరీ తోట ఉండేది. కడ్డీలు తనే నాటుకుంది, పట్టుపురుగులు తనే మేపుకుంది, గూళ్ళు మూటగట్టి హిందూపురం మార్కెట్టుకు తనే తెచ్చేది. మార్కెట్టు రోజు మా ఇంటికి వచ్చి మజ్జిగ తాగి పోయేది. ఆ తోట గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతు తగ్గేది, దిష్టి తగులుతుందని. మొగుడి కూలి వచ్చే నెలా ఉంది, రాని నెలా ఉంది. ఆ ఇల్లు నిలబడింది తోట మీద. ఈ కథంతా ఆ తోట కోసమే.

తోటకు నీళ్ళు ఉమ్మడి బోరు నుంచి. ఆరు కుటుంబాలకు ఒకే బోరు. వంతుల దగ్గర తలకాయలు పగిలే దాకా వచ్చాక, తొంభై ఆరులో కుళ్ళాయప్పే ఒక ఉపాయం చెప్పాడు. మనలో మనకు నమ్మకం లేదు, ముద్ర కొట్టిన కాగితం మీద అందరికీ నమ్మకం ఉంది గదా, ఎన్ని రోజులకొక తడి ఇవ్వాలో మా ఆఫీసు కార్డు మీద ఏమొస్తే అదే చేద్దాం అన్నాడు. అప్పటినుంచి సోమవారం సోమవారం నేను కార్డు టైపు చేసేదాన్ని, గుండ్రటి ముద్ర పడేది, కుళ్ళాయప్ప తీసుకుపోయి బోరు షెడ్డు గోడకు అంటించేవాడు. ఏడేళ్ళు ఒక్క తగాదా లేదు. కార్డుకు ఎదురు చెప్పినవాడు లేడు.

గంగాధర సార్ ఆ ఏడాది ఏప్రిల్లో మాకు వచ్చాడు. చెడ్డమనిషి కాదు, అది ముందే చెప్పాలి. లంచం తినడు, అరవడు. కాకపోతే నల్లట్ట పుస్తకాన్ని కన్నబిడ్డలాగా చూసుకుంటాడు. రిజిస్టరు తెరిచి, పుస్తకంలో ఆషాఢానికి మూడు ఉంటే మనకు ఐదెట్లా వస్తుందని అడిగాడు. ఎండ తాగినాది సార్ అన్నాడు కుళ్ళాయప్ప. పుస్తకం కన్నా ఎక్కువ ఎట్ల తాగుతాదయ్యా, ఇవి కాకిలెక్కలు అన్నాడు సార్. అక్కడ మొదలైంది మెమోల వాన. ఆ ఏడాది కురిసిన వాన అదొక్కటే.

మొదటి మెమోకు సంజాయిషీ కుళ్ళాయప్ప నాకే చెప్పి టైపు చేయించుకున్నాడు. మెమో కొట్టిందీ నేనే, జవాబు కొట్టిందీ నేనే, రెండింటికీ ఒకే రిబ్బను. "అయ్యా, నేను ఎండను ఆపలేదు. ఆపవలెనని ముందుగా ఉత్తరువు లేదు. ఇకమీదట ఉత్తరువు ఇచ్చిన ప్రయత్నించగలవాడను." అతను ఎకసెక్కంగా చెప్పలేదు. మనస్ఫూర్తిగా చెప్పాడు.

రెండో మెమోలో కాకులు తాగుతున్నాయన్నారు. జాలీ ఉందని చెబితే, కాకి ముక్కు పొడవెంత, జాలీ సందు ఎంత అని వివరం అడిగారు. కుళ్ళాయప్ప చచ్చిన కాకి ఒకటి దొరికేదాకా ఆగి, ముక్కు కొలిచి పంపాడు. మూడో మెమోలో కుక్కలు. నాలుగో మెమోలో రాత్రుళ్ళు మనుషులెవరో ముంచుకుపోతున్నారని, కాబట్టి కుళ్ళాయప్ప తొట్టి పక్కనే కర్రతో కాపలా పడుకోవాలని ఉత్తరువు. పడుకున్నాడు. పొద్దునకు ఐదు చెంబులే తగ్గింది.

ఐదో మెమో చరిత్రలో నిలిచిపోవాల్సింది. ప్రతిరోజూ రిజిస్టరులో "ఈ నీటిని సూర్యుడు తప్ప అన్యులెవ్వరు త్రాగలేదని ధృవీకరించడమైనది" అని రాసి, దానికింద ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. ఒక సాక్షిని నేను. రెండో సాక్షి ఎవరు దొరికితే వాళ్ళు. పోస్టుమాను పెట్టాడు, గొర్రెల కాపరి వేలిముద్ర వేశాడు, ఒకసారి ఐస్‌క్రీము బండివాడు పెట్టాడు. సూర్యుడి తరఫున ఇంతమంది సాక్ష్యం చెప్పడం ఎక్కడా జరిగి ఉండదు.

ఈ మెమోల వల్ల ఎవరికీ ఏం పోలేదు. కార్డుతోనే చిక్కొచ్చింది. ఆషాఢం మొదటి సోమవారం సార్ రిజిస్టరు పక్కన పెట్టి, పుస్తకంలోని అంకె మీద కార్డు వేయించాడు. ఎనిమిది రోజులకొక తడి. ఎండ తాగేది ఐదు, కార్డు ఒప్పుకునేది మూడు. టైపు చేస్తుంటే నా వేళ్ళు ఆగాయి. సార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కొట్టేశాను. ఆ కార్డు గోడమీదున్న మూడు వారాలూ నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఎనిమిదో రోజుకు మల్బరీ ఆకు పైనుంచి కిందికి వాలిపోయింది. వాడిన ఆకు వేస్తే పురుగు తినదు, తిన్నా గూడు పలచన. ఆ దఫా సిద్ధమ్మ సగం పురుగే పెట్టింది. అందరి తోటలూ అట్లాగే ఉన్నాయి. ఒక్కరూ కార్డును తప్పు పట్టలేదు. ముద్ర ఉంది గదా. తప్పు తమ తోటదే అనుకున్నారు. అట్లా అనుకోలేనివాడు కుళ్ళాయప్ప ఒక్కడు. సార్ కాళ్ళమీద పడినంత పని చేశాడు. మీరే ఒక దినం కూర్చోని కొలవండి సార్, మూడొస్తే నేను పని ఇడిసిపెట్టి పోతా అన్నాడు. సార్ కూడా మొండిమనిషే. సరే, విచారణ పెడదాం అన్నాడు.

విచారణకు సార్, ధర్మవరం నుంచి ఇంకో ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి చీకటిపడే దాకా తొట్టి పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చుంటారు, తర్వాత కంచె గేటుకు సీలు వేస్తారు, మర్నాడు ఎనిమిదిన్నరకు వాళ్ళే చెంబుతో పోసి కొలుస్తారు. ఇక్కడ కుళ్ళాయప్ప ఒక తప్పు చేశాడు. మా ప్రాంతంలో పుట్టినవాడెవడైనా ఆ తప్పే చేస్తాడు. ఇంటికి వచ్చిన మనిషిని, అందులోనూ ఆఫీసర్లను, ఎండలో కూర్చోబెట్టడమా? హిందూపురం పోయి నబీసాబ్‌ను బతిమాలి షామియానా తెచ్చాడు.

నబీసాబ్ మా వీధిలోనే ఉండేవాడు. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు బాడుగకిచ్చే వ్యాపారం. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, గుడ్డ ఊరికే పడుంది, తీసుకుపో అన్నాడు. తనే వచ్చి గుంజలు పాతించాడు. ఆఫీసర్లు తొట్టి చుట్టూ కూర్చోవాలి కాబట్టి షామియానా తొట్టికి సరిగ్గా పైన వేశారు. దుమ్ము కళ్ళలో పడుతోందని ఒక ఇంజనీరు అంటే, గాలి వచ్చే పక్క పరదాలు కూడా కట్టారు. పెళ్ళి పందిరిలో వధూవరులుండే చోట మా తొట్టి కూర్చుంది. నేను కూడా ఆ నీడలో కూర్చుని రెండు టీలు తాగాను. అబద్ధమెందుకు, ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మర్నాడు పొద్దున సీలు విప్పి కొలిచారు. ఒకటి, రెండు, మూడు. మూడో చెంబుకు నీళ్ళు గుర్తును తాకాయి. నాలుగోది ముంచి పట్టుకున్న కుళ్ళాయప్ప చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. గంగాధర సార్ పుస్తకం తెరిచి వేలితో చూపించాడు. మూడు. ఆయన ముఖంలో సంతోషం లేదు, పోయిన వస్తువు దొరికినవాడి నిమ్మళం ఉంది.

అప్పుడు తాళ్ళు విప్పుతున్న నబీసాబ్ పని ఆపి ఇటు వచ్చాడు.

"సార్, ముప్పై ఏండ్లుగా నీడ బాడుగకిస్తాండా. ముందు మాఘమాసం పెండ్లికి ఈ గుడ్డ అలంకారానికి అడిగేవాళ్ళు. ఇప్పుడు మాఘంలోనే పెండ్లికొడుకు నీడ యాడ అంటాండాడు. నిన్న మీరు ఎండను కొల్చలేదు సార్. నా గుడ్డను కొల్చినారు."

షామియానా వేసుకునేవాడివి నీకేం తెలుసయ్యా, పని చూసుకో అన్నాడొక ఇంజనీరు. నబీసాబ్ పని చూసుకున్నాడు. కుళ్ళాయప్ప మాత్రం చెంబు కింద పెట్టి, రేకుతొట్టి అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఆ షామియానా తెచ్చింది తనే గదా.

రిపోర్టు మూడు పేజీలు. రోజుకు రెండు చెంబుల నీటిని కుళ్ళాయప్ప సొంతానికి వాడుకుంటూ ఎండ మీద నెట్టేస్తున్నాడని, నెలాఖరుకు పనిలోంచి తీసేయాలని, ఎనిమిది రోజుల కార్డే కొనసాగాలని. సొంత ఇంటినుంచి పెళ్ళాం మోసుకొచ్చిన నీళ్ళను అతను దొంగిలించాడట. టైపు కొడుతుంటే ఒళ్ళు మండిపోయింది. గంగాధర సార్ టైపైన కాగితం మళ్ళీ చదవడు, నన్ను నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని నేను జీవితంలో ఒక్కసారే వాడుకున్నాను. రెండో పేజీ చివర ఒక వాక్యం చేర్చాను: "విచారణ దినమున తొట్టిపై షామియానా వేసి, గాలివైపు పరదాలు కట్టబడి ఉండినవి." అంతే. ఒక్క అక్షరం అబద్ధం లేదు. సార్ సంతకం పెట్టాడు, కాగితం అనంతపురం పై ఆఫీసుకు పోయింది.

పది రోజులకు జవాబు వచ్చింది. షామియానా ఎందుకు వేసినట్లు అని అడిగారు. అధికారులకు ఎండ తగులకుండుటకు అని సార్ రాయించాడు. దానికి తిరుగు టపాలో ఒకే ముక్క వచ్చింది: "తొట్టికి తగిలినదా?" ఆ కాగితం చేతిలో పట్టుకుని సార్ చాలాసేపు కిటికీలోంచి కంచె వైపు చూశాడు. ఆ వాక్యం ఎవరు చేర్చారో ఆయనకు తెలుసు. నన్ను ఒక్కమాట అనలేదు.

రెండో విచారణ ఆషాఢం చివర్లో. ఈసారి నీడ లేదు. నబీసాబ్ గుడ్డ ఇవ్వనని ముందే చెప్పాడు, ఎవరూ అడగనూ లేదు. పదకొండు గంటలకు ఇంజనీర్లిద్దరూ నెత్తిన రుమాళ్ళు కట్టారు. పన్నెండుకు ఇనుప కుర్చీ చుర్రుమని ఒకాయన్ను నిలబెట్టింది. మధ్యాహ్నానికి మా రెండు రోజుల ట్యాంకరు నీళ్ళు ముగ్గురూ కలిసి తాగేశారు. గాలికి సార్ పుస్తకంలోంచి ఒక పేజీ ఊడి జాలీ మీద పడి తడిసి, కుళ్ళాయప్ప తీసి ఇచ్చేలోపల అప్పడంలాగా ఎండిపోయింది. మనుషులు ఇంత తాగుతుంటే పైరు ఎంత తాగుతుందో అని నేను పైకే అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఐదు చెంబులు పోసినా గుర్తుకు వెంట్రుకవాసి తక్కువే ఉంది. గంగాధర సార్ తనే వంగి, తన కంటితో చూశాడు. తర్వాత పుస్తకం మూసి, కుళ్ళాయప్పతో మాత్రమే చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"ఈ పుస్తకంలో లెక్కలు నేను కొలిచినవేనబ్బా. అప్పుడు కొత్తగా చేరినా. ఇట్లాంటి తొట్టి పక్కనే పడుకునేవాణ్ని. నేను అబద్ధం రాయలేదు."

"మీరు అబద్ధం రాసినారని నేను అన్లేదు సార్," అన్నాడు కుళ్ళాయప్ప. "ఆ ఎండ వేరే. ఈ ఎండ వేరే."

కుళ్ళాయప్పను తీసేయాలన్న మాట రద్దయింది. ఆ సోమవారం కార్డు టైపు చేయడం నాకు పండగ. ఐదు రోజులకొక తడి. ముద్ర రెండుసార్లు కొట్టించాను. తోట బతికింది టైపక్కా, నువ్వు కూడా వచ్చి చూడు అని కుళ్ళాయప్ప బలవంతం చేస్తే, సాయంత్రం బస్సు వదిలేసుకుని పల్లెకు పోయాను. బోరు షెడ్డు దగ్గర ఊళ్ళో మిగిలిన వాటాదారులందరూ ఉన్నారు. కుళ్ళాయప్ప మైదాపిండి జిగురు రాసి కార్డు అంటించాడు. సిద్ధమ్మ ముఖం వెలిగిపోయింది. పక్క తోట అంజినమ్మ, మొగుడు లేని మనిషి, కార్డు దగ్గరికి వచ్చి చదివించుకుని, వేళ్ళు మడిచి ఏదో లెక్క పెట్టుకుంది.

"కార్డు బాగుండాది. రోజులు ఐదే," అంది. "తోటలు ఆరుండాయి."

ముందు ఒక తోట తడవడానికి ఆ బోరుకు ముప్పావు రోజు చాలేది, ఆ ఆషాఢానికి బోరు తగ్గి ఒకటింబావు రోజు పడుతోంది. ఎనిమిది రోజులకైతే ఆరు తోటలు ఎట్లాగో తిరిగొస్తాయి. ఐదు రోజులకైతే నాలుగే. పన్నెండేళ్ళు ఎండ తాగేది చుక్క పొల్లుపోకుండా కొలిచిన కుళ్ళాయప్ప, బోరు ఇచ్చేది ఎంతో ఒక్కరోజు కూడా లెక్క వేయలేదు. నేనూ వేయలేదు. సార్ వేయలేదు. కార్డులో ఆ గడి లేదు.

ఆరింటిలో ఒకటి ఆ మూడు వారాల్లోనే పూర్తిగా ఎండిపోయింది. ఆ ఇంటివాళ్ళు కరువుకు తట్టుకోలేక బెంగళూరు పనులకు పోయారు. ఇంకొకటి పోవాలి. ఎవరిది? అప్పుడు వాటాదారులు ఒక మంచి దారి కనిపెట్టారు. పాత అంకెనే మళ్ళీ రాయప్పా, మూడు చెంబులని రాయి, కార్డు ఎనిమిదికి పోతాది, ఎవురి తోటా పోదు అన్నారు. మూడు నెలలు సర్కారు అతన్ని ఏ అబద్ధం చెప్పమని వేధించిందో, ఆ అబద్ధాన్నే ఇప్పుడు సొంతవాళ్ళు చేతులు పట్టుకుని అడుగుతున్నారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కుళ్ళాయప్ప తల వంచుకున్నాడు. రాస్తాడేమో అనిపించింది. రాస్తే నేను కాదనేదాన్ని కాదు, ఒట్టు.

సిద్ధమ్మ ముందుకు వచ్చింది.

"ఎనిమిదని కాగితం మీద రాస్తే ఆకుకు తెలుస్తాదా? మూడు వారాలు చూస్తిమి గదా, ఆరు తోటలూ వాడిపాయ. అంజినమ్మకు ఆ తోట తప్ప ఇంగేం లేదు. మా ఇంటి లెక్క ఇది. మా తోట నిలిపేస్తాం."

కుళ్ళాయప్ప ఆమె వైపు చూశాడు. ఏ తోట కోసం కాకి ముక్కు కొలిచాడో, కర్ర పట్టుకుని పడుకున్నాడో, ఆఫీసర్లను ఎండలో నిలబెట్టాడో, ఆ తోటే పోయింది. నిజం గెలిచింది, గెలిచి నేరుగా వాళ్ళింటికే వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. సిద్ధమ్మ ఖాళీ అయిన పురుగుల తట్టలు కడిగి, గోడకు బోర్లించి, నాకు రాగిసంగటి పెట్టింది.

పొద్దున ఎనిమిదిన్నరకు నేను రిజిస్టరు తీసుకుని తొట్టి దగ్గరికి పోయేసరికి ఆమె నెత్తిన బిందెతో వస్తోంది. ఇంగ తేవద్దులే, నేను ఏదో ఒకటి చూసుకుంటా అన్నాడు కుళ్ళాయప్ప.

"లెక్క తప్పితే ఇంగొకరి తోట పోతాది," అని బిందె దించింది.

అతను చెంబు నింపి, కంటి ఎత్తుకు పెట్టి చూసి పోశాడు. ఒకటి. రెండు. ఆమె నిలబడి చూసింది. ఐదో చెంబుకు బిందె ఖాళీ అయింది. అంకె వేసి నేను సంతకం పెట్టాను. ఇద్దరు సాక్షుల మెమో ఇంకా రద్దు కాలేదు, రెండో సాక్షి కావాలి. దారిలో ఎవరూ లేరు. సిద్ధమ్మను వేయమన్నాను. ఏం రాసినారో చదువక్కా, తెలియకుండా వేలిముద్ర వేయను అంది. చదివాను. ఈ నీళ్ళు ఎండ తప్ప ఇంకెవరూ తాగలేదని మనం సాక్ష్యం చెబుతున్నామని మామూలు మాటల్లో కూడా చెప్పాను.

ఆమె ఖాళీ బిందె వైపు ఒకసారి చూసింది.

"నిజమే గదా," అని వేలు సిరాలో అద్ది వేసింది.